బేస్ క్యాబినెట్‌లో ట్వీటర్ చిటపటలాడుతోంది, డ్రైవర్ మార్చాల్సిందేనా?

గుంటూరు_బేస్ · సోమవారం, రాత్రి 9:50

అందరికీ నమస్తే. మా మందిరంలో బేస్ వాయిస్తాను. క్యాబినెట్ 4×10 (పది అంగుళాల స్పీకర్లు నాలుగు), మధ్యలో హారన్, అంటే పై శబ్దాలిచ్చే ట్వీటర్ ఉంటుంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం. పైన 300 వాట్ల హెడ్ (విడిగా ఉండే ఆంప్), వాల్వులు లేని మామూలు సాలిడ్ స్టేట్. గిటార్ ఐదు తీగలది, యాక్టివ్ (లోపల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉంటుంది).

ఈమధ్య హారన్‌లోంచి చిటపటమని శబ్దం వస్తోంది, నూనెలో ఆవాలు పేలినట్టు. చిన్న సౌండ్‌లో ప్రాక్టీస్ చేసుకునేటప్పుడు అసలు ఉండదు. ఆరాధన మొదలై, డ్రమ్స్‌కి సరిపడా వాల్యూమ్ పెంచామా, మొదలవుతుంది. నాకు అంతుపట్టనిది ఏంటంటే, పై నోట్స్‌లో కంటే లావు తీగల కింది నోట్లు లో-బి, లో-ఈ కొట్టినప్పుడే ఎక్కువ. వెనకాల ట్వీటర్ నాబ్ పూర్తిగా తగ్గిస్తే పోతుంది గానీ, స్లాప్‌లో (తీగని బొటనవేలితో కొట్టి వాయించడంలో) పదును కూడా దాంతోనే పోతోంది.

ఊళ్లో ఒక మెకానిక్‌కి ఫోన్‌లో రికార్డింగ్ వినిపిస్తే "కాయిల్ పోయింది, డ్రైవర్ యూనిట్ (హారన్ వెనక శబ్దం పుట్టించే భాగం) మార్చాలి" అనేశాడు. పెట్టె చూడనే లేదు. ఆర్డర్ పెట్టేముందు ఇక్కడ ఒకసారి అడుగుదామని.


నాలుగు_తీగలు · సోమవారం, రాత్రి 10:15

అన్నా, యాక్టివ్ బేస్ అంటున్నవ్ కదా, ముందుగాల లోపలున్న 9 వోల్టుల బ్యాటరీ మార్చి చూడు. బ్యాటరీ దిగిపోయినంక మెల్లగ వాయిస్తే మంచిగనే ఉంటది, గట్టిగ కొడితే ప్రీఆంప్ చిరుగుతది. చిరిగిన సౌండ్ పది అంగుళాల కోన్లల్ల అంతగ తెల్వది, ట్వీటర్ల మాత్రం మొత్తం బయటపడ్తది. మస్తుమంది దీనికే ట్వీటర్ మార్చి పైసలు పోగొట్టుకుంటరు.

ఇంకోటి, హెడ్ నుంచి క్యాబినెట్‌కి ఏ వైరు వాడుతున్నవ్? గిటార్ కేబుల్ గిట్ల పెట్టలేదు కదా?


గుంటూరు_బేస్ · సోమవారం, రాత్రి 10:22

స్పీకర్ కేబులే బ్రో, స్పీకాన్. బ్యాటరీ రేపు మారుస్తా.


మైక్_మాష్టారు · సోమవారం, రాత్రి 11:05

బ్యాటరీ మాట మంచి మాటే. కానీ ఒక్కొక్కటీ మార్చుకుంటూ పోతే ఆదివారం వచ్చేస్తుంది. ముందు తప్పు ఎటువైపు ఉందో తేల్చుకోండి.

గిటార్ పక్కన పెట్టి, హెడ్‌కి ఆక్స్ ఉంటే ఫోన్‌లో పాట పెట్టండి. శబ్దం పాటలోనూ వస్తే గిటార్, దాని బ్యాటరీ, దాని కేబుల్ మీద అనుమానం తీరిపోయినట్టే. తర్వాత వేరే హెడ్ ఏదైనా దొరికితే దానితో చూడండి. అందులోనూ వస్తే ఇక పెట్టెలోనే ఉంది.

మీ హెడ్ మీద క్లిప్ లైటు (ఆంప్ ఇవ్వగలిగిన దాన్ని మించి సౌండ్ చిరిగితే వెలిగేది) ఉందా? లో-బి కొట్టినప్పుడు అది వెలుగుతోందా? లో-బి అంటే సుమారు 31 హెర్ట్జ్. ఆంప్‌లో బలమంతా తినేసేది ఆ కింది నోట్లే. కింది నోటు దగ్గర ఆంప్ క్లిప్ అయితే పుట్టే హార్మోనిక్స్ పైకి వెళ్లి ట్వీటర్లో వినిపిస్తాయి. లో నోట్స్‌లోనే ఎక్కువ అన్నారు కాబట్టి అడుగుతున్నా.


రూట్_నోట్ · మంగళవారం, ఉదయం 7:30

నా సలహా: నాబ్ సున్నాలో పెట్టి ఫెవిక్విక్ వేసెయ్యండి. 1969లో ఆంపెగ్ ఎస్‌వీటీ అనే బేస్ ఆంప్ వచ్చినప్పుడు దాని 8×10 పెట్టెలో ట్వీటరే లేదు. బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ నున్నటి ఫ్లాట్‌వౌండ్ తీగలతో అమెరికాలో మోటౌన్ కంపెనీ పాటలెన్నో వాయించాడు, ఎవరైనా హారన్ ఏదయ్యా అని అడిగారా?


నాలుగు_తీగలు · మంగళవారం, ఉదయం 7:48

వచ్చిండు. ట్వీటర్ టాపిక్ ఎక్కడుంటే అన్న అక్కడుంటడు. స్లాప్ వాయించేటోళ్లకి హారన్ కావాలె, అందుకే 80లల్ల ఎస్‌డబ్ల్యూఆర్ గోలియత్ లాంటి 4×10లు వచ్చినంక అందరూ అటు పోయిన్రు. గుంటూరు అన్న స్లాప్ కొడ్తా అంటున్నడు, వదిలెయ్.


గుంటూరు_బేస్ · మంగళవారం, సాయంత్రం 6:40

బ్యాటరీ కొత్తది వేశా, తేడా లేదు. ఫోన్‌లో పాట పెట్టి చూశా. తక్కువ సౌండ్‌లో ట్వీటర్ అద్దంలా ఉంది (సిమ్బల్స్ అన్నీ స్పష్టంగా వినిపిస్తున్నాయి). సౌండ్ పెంచి, బేస్ ఎక్కువున్న పాట పెడితే మళ్లీ చిటపట. క్లిప్ లైటు వెలగడం లేదు. పక్క మందిరం వాళ్ల హెడ్ తెచ్చి పెట్టినా అంతే.


మైక్_మాష్టారు · మంగళవారం, సాయంత్రం 7:10

అయితే పెట్టెలోనే. మీ నాబ్ వెనక ఉండేది ఎల్-ప్యాడ్. మామూలు వాల్యూమ్ పాట్ లాంటిదే, కాకపోతే వైరు చుట్టిన రెండు రెసిస్టర్లు ఉంటాయి. సౌండ్ తగ్గించినా క్రాసోవర్‌కి (ట్వీటర్‌కి పై శబ్దాల్నే పంపే సర్క్యూట్) కనిపించే ఓమ్స్ మారకుండా చూస్తాయి. ఏళ్ల తరబడి ఒకే చోట వదిలేస్తే ఆ చోట దుమ్ము, తుప్పు పట్టి కాంటాక్ట్ పోతుంది. నాబ్ తిప్పుతుంటే కరకరమంటుందా? మధ్యలో ఎక్కడైనా సౌండ్ ఆగి వస్తుందా?

కాంటాక్ట్ క్లీనర్ కొట్టి, అటు చివర నుంచి ఇటు చివర దాకా చాలాసార్లు తిప్పండి. మామూలు డబ్ల్యూడీ-40 మాత్రం వద్దు, అది నూనె పొర వదులుతుంది, దానికి మళ్లీ దుమ్ము పడుతుంది. హెడ్ ఆఫ్ చేసి కొట్టండి, ఆరేదాకా ఆన్ చెయ్యకండి.


డాలస్_లోఎండ్ · మంగళవారం, రాత్రి 9:00

ఇక్కడ మా తెలుగు అసోసియేషన్ బ్యాండ్‌లో ఇలాంటిదే వచ్చింది, మాకు నిజంగానే డయాఫ్రం (డ్రైవర్‌లో అదిరే పలచటి రేకు) పోయింది. కాబట్టి మెకానిక్ చెప్పింది ఊరికే కొట్టిపారేయకండి. దాన్ని తేల్చే పద్ధతి ఒకటుంది.

ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకోండి. వాల్యూమ్ బాగా తగ్గించి, 2 కిలోహెర్ట్జ్ నుంచి 10 దాకా నెమ్మదిగా జరపండి. ఎక్కువ సౌండ్‌లో ఇలా చేస్తే బాగున్న ట్వీటర్ కూడా కాలిపోతుంది, జాగ్రత్త. కాయిల్ గ్యాప్‌లో రాసుకుంటుంటే ఏదో ఒక ఫ్రీక్వెన్సీ దగ్గర గర్రుమంటుంది, ఎన్నిసార్లు జరిపినా సరిగ్గా అక్కడే అంటుంది. డయాఫ్రం చిట్లినా అంతే. అలా కాకుండా మొత్తం నున్నగా వెళ్లిపోతే డ్రైవర్ మీద అనుమానం చాలావరకు తగ్గించుకోవచ్చు.

పెట్టె విప్పే ఓపిక ఉంటే డ్రైవర్ వైర్లు ఊడదీసి మల్టీమీటర్ పెట్టండి. 8 ఓమ్స్ డ్రైవర్ అయితే సుమారు 6 చూపించాలి. రీడింగ్ ఆడుతుంటే, లేదా అసలు ఏమీ చూపించకపోతే, మెకానిక్ చెప్పిందే నిజం.


గుంటూరు_బేస్ · బుధవారం, రాత్రి 8:30

రెండూ చేశా. టోన్ జరిపితే ఎక్కడా గర్రు లేదు, పైదాకా నున్నగా వెళ్లింది. ఎల్-ప్యాడ్ తిప్పుతుంటే నిజంగానే కరకరమంది, స్ప్రే కొట్టాక అది పోయింది, ట్వీటర్ కూడా కాస్త తేటగా అనిపిస్తోంది. కానీ లో-బి కొడితే చిటపట మాత్రం అలాగే ఉంది.

ఇంకో సంగతి. పనికొస్తుందో లేదో తెలియదు. పాట మెల్లగా పెట్టి వింటుంటే కీబోర్డ్ వాయించే తమ్ముడు వచ్చి పెట్టె మీద ధబేల్న కూర్చున్నాడు. ఆ క్షణంలో ఒక్కసారి చిటపటమంది. అంత తక్కువ సౌండ్‌లో రావడం అదే మొదటిసారి.


కోఠి_సోల్డర్ · బుధవారం, రాత్రి 8:52

ఆ తమ్ముడికి ఒక బిర్యానీ ఇప్పించండి. మీ సమస్య దొరికేసింది.

సౌండ్ తక్కువగా ఉన్నా పెట్టె అదిరితే వచ్చిందంటే, ట్వీటర్‌కి వెళ్లే కరెంటుతో సంబంధం లేదు, అదురుతో సంబంధం. ఎక్కడో లూజ్ కాంటాక్ట్ ఉంది. మీరు లో-బి కొట్టినప్పుడు నాలుగు కోన్లూ పెట్టెను ఊపేస్తాయి, పై నోట్స్‌కి అంత ఊపు ఉండదు. లో నోట్స్‌లోనే ఎందుకు వస్తోందన్న మీ మొదటి ప్రశ్నకి జవాబు ఇదే.

రేపు ఇలా చెయ్యండి. పాట మెల్లగా పెట్టి, పిడికిలితో పెట్టెను అన్ని వైపులా తట్టండి. వెనక ప్లేట్ దగ్గర ఎక్కువ వస్తుందా, హారన్ దగ్గరా? ఇంకా గట్టి సాక్ష్యం కావాలంటే, ఒక పెద్ద స్పీకర్ విప్పి లోపల నాలుగింటికీ వెళ్లే వైరు ఒక్కటి ఊడదీసి ఇన్సులేషన్ టేప్ చుట్టండి. ట్వీటర్ ఒక్కటే మోగుతుంది. ఇప్పుడు గిటార్‌తో లో-బి మెల్లగా వాయించండి, పెట్టె కదలదు, చిటపట రాదు. చేత్తో తడితే వస్తుంది. మీది సాలిడ్ స్టేట్ హెడ్ కాబట్టి ఈ పరీక్ష చెప్తున్నా. వాల్వ్ హెడ్‌తో లోడ్ లేకుండా ఇలా చేస్తే అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది, చదివేవాళ్లు గుర్తుపెట్టుకోండి.


రూట్_నోట్ · బుధవారం, రాత్రి 9:20

ఒక సందేహం, ఈసారి ఎగతాళి కాదు. ట్వీటర్ ముందు కెపాసిటర్ ఉంటుంది, 31 హెర్ట్జ్‌ని అది దాటనివ్వదు. పాట ఉంటే అందులో పై ఫ్రీక్వెన్సీలు ఉంటాయి, తెగి అతుక్కుంటే వినిపిస్తుంది, ఒప్పుకుంటా. మరి గిటార్‌లో టోన్ నాబ్ మూసేసి ఉత్త లో-బి వాయిస్తే ట్వీటర్‌కి వెళ్లేదే ఏమీ లేదు కదా. లేని సిగ్నల్ తెగితే శబ్దం ఎలా వస్తుంది?


కోఠి_సోల్డర్ · బుధవారం, రాత్రి 10:10

మంచి ప్రశ్న. లో-బి ట్వీటర్‌కి చేరదు గానీ, కెపాసిటర్ దాకా వస్తుంది. ఆ వోల్టేజి అంతా కెపాసిటర్ మీదే నిలబడి ఉంటుంది. 300 వాట్లు 8 ఓమ్స్‌లోకి అంటే దాదాపు 49 వోల్టులు, శిఖరం దగ్గర 69. తక్కువేం కాదు.

ఇప్పుడు కెపాసిటర్ కాలు ఒకటి ఊగుతోందనుకోండి. కాలు తెగిన క్షణానికి దానిలో ఎంత వోల్టేజి ఉందో అంతే దానిలో ఆగిపోతుంది. ఈలోగా నోటు పైకో కిందికో వెళ్లిపోతుంది. మళ్లీ కాలు తగిలేసరికి, ఆంప్ ఇస్తున్న వోల్టేజికీ కెపాసిటర్‌లో ఆగినదానికీ మధ్య తేడా అంతా ఒక్క దెబ్బలో ట్వీటర్ మీద పడుతుంది. అంత నిటారు దెబ్బలో పై ఫ్రీక్వెన్సీలన్నీ ఉంటాయి, అదే టక్కుమని వినిపిస్తుంది. పెట్టె అదురుతున్నంతసేపూ ఇలా తెగుతూ తగులుతూ ఉంటే చిటపట.

కాబట్టి టోన్ మూసేసినా చిటపట వస్తే డయాఫ్రం మీద కంటే టంకం మీదే ఎక్కువ అనుమానపడాలి. ఇది ఎన్నాళ్లు సాగితే ట్వీటర్‌కి అంత చేటు, ఆ దెబ్బలన్నీ పడేది దాని కాయిల్ మీదే.


రూట్_నోట్ · బుధవారం, రాత్రి 10:14

అర్థమైంది. అయినా నా పెట్టెలో ట్వీటర్ లేదు, నాకీ బాధ లేదు.


గుంటూరు_బేస్ · గురువారం, రాత్రి 9:40

విప్పేశా! తట్టి చూస్తే జాక్ ప్లేట్ ఉన్నవైపు గట్టిగా వచ్చింది. ఆ ప్లేట్ స్క్రూలు తీసి బయటికి లాగితే క్రాసోవర్ బోర్డు దాని వెనకే బిగించి ఉంది. బోర్డు మీద రాగి కాయిల్ ఒకటి, తెల్ల సిమెంట్ రెసిస్టర్లు, కారు ఇండికేటర్ బల్బు లాంటి చిన్న బల్బు, బొటనవేలంత కెపాసిటర్ ఒకటి. కెపాసిటర్ మీద 4.7 మైక్రోఫారడ్, 100 వోల్టులు అని ఉంది.

ఆ కెపాసిటర్‌ని బోర్డుకి అంటించిన జిగురు ఎండిపోయి, గోధుమరంగు పెంకులాగా ఊడి వచ్చేసింది. కెపాసిటర్ రెండు కాళ్ల మీదే నిలబడి ఉంది, వేలితో తోస్తే ఊగుతోంది. బోర్డు తిప్పి ఫోన్ టార్చ్ వేసి చూశా. ఒక కాలు చుట్టూ టంకంలో వెంట్రుకంత సన్నటి నల్లటి వలయం ఉంది. పాట పెట్టి, పెన్ను మూతతో కెపాసిటర్‌ని కదిపితే అచ్చం అదే చిటపట. పెద్ద స్పీకర్ల వైరు ఊడదీసే పని కూడా పడలేదు.

మల్టీమీటర్‌లో డ్రైవర్ 6.1 చూపించింది. అంటే కాయిల్ బాగానే ఉన్నట్టేగా?

సోల్డరింగ్ ఐరన్ ఉంది, 25 వాట్లది. ఎలా చెయ్యమంటారు?


మైక్_మాష్టారు · గురువారం, రాత్రి 10:00

డ్రైవర్ భేషుగ్గా ఉంది. ఆర్డర్ పెట్టకండి.

ఆ నల్ల వలయం ఉన్నచోట పైపైన కొత్త టంకం పూస్తే లోపల పాత తుప్పు అలాగే ఉంటుంది, మళ్లీ తెగుతుంది. పాత టంకం పూర్తిగా పీల్చేసి, కెపాసిటర్ కాలుని బ్లేడుతో మెరిసేదాకా గీకి, ఫ్లక్స్ రాసి కొత్త టంకం పెట్టండి. ఆ బోర్డు మీద రాగి వెడల్పుగా ఉంటే 25 వాట్లు వేడెక్కించలేక టంకం ముద్దలా కూర్చుంటుంది, ఎవరి దగ్గరైనా 60 వాట్లది తెచ్చుకోండి. పనిలో పనిగా మిగతా బరువైన వాటి కాళ్లు కూడా కొత్త టంకంతో సరిచెయ్యండి, ముఖ్యంగా ఆ రాగి కాయిల్.

బల్బు ట్వీటర్‌ని కాపాడటానికి పెట్టింది. పవర్ ఎక్కువైతే ఫిలమెంట్ వేడెక్కి, రెసిస్టెన్స్ పెరిగి, దెబ్బ తను కాస్తుంది. అది క్లిప్పులో గుచ్చినదైతే ఆ క్లిప్పు కూడా బిగించండి. నేను చూసిన పెట్టెల్లో సగం చిటపటలు అక్కడివే.


కోఠి_సోల్డర్ · గురువారం, రాత్రి 10:25

టంకం ఎంత బాగా పెట్టినా, జిగురు లేకపోతే కొన్నాళ్లకి మళ్లీ ఇదే కథ. ఇక్కడ అసలు రోగం టంకం కాదు, ఆసరా పోవడం. బరువున్న కెపాసిటర్‌ని కాళ్ల మీద నిలబెట్టి అదిరే పెట్టెలో పెడితే ఏ టంకమూ నిలవదు. గ్లూ గన్‌తో పక్కల నుంచి పట్టించండి, వీలైతే బోర్డు రంధ్రాల్లోంచి కేబుల్ టై కూడా బిగించండి. సిలికాన్ వాడితే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు, ఆ ఆమ్లం రాగిని తినేస్తుంది.

అసలు కెపాసిటరే మార్చాలనుకుంటే, నాన్-పోలార్ 4.7 ఫిల్మ్‌ది 100 వోల్టులకి తగ్గకుండా కొనండి. హైదరాబాద్ కోఠిలో గుజరాతీ గల్లీలో అడిగితే దొరుకుతుంది.


నాలుగు_తీగలు · గురువారం, రాత్రి 10:40

దొరకకుంటే ఫ్యాన్ కండెన్సర్ రెండు, 2.5 మైక్రోఫారడ్‌వి, పక్కపక్కన కలిపితే 5 అయితది. ఏ ఎలక్ట్రికల్ షాపుల పోయినా ఉంటయ్. మా దోస్తు పెట్టెల అవే ఉన్నయ్.


కోఠి_సోల్డర్ · గురువారం, రాత్రి 10:55

నవ్వులాటకి అన్నారేమో గానీ అది పనిచేస్తుంది. ఫ్యాన్ కెపాసిటర్ లోపల ఉండేది పాలీప్రొపిలీన్ ఫిల్మే, 440 వోల్టుల రేటింగ్, పోలారిటీ గొడవ లేదు. 4.7 బదులు 5 అయితే క్రాసోవర్ కాస్త కిందికి జరుగుతుంది. 8 ఓమ్స్‌కి ఒక్క కెపాసిటర్ లెక్కన 4.2 కిలోహెర్ట్జ్ ఉన్నది 4 అవుతుంది, చెవికి తెలియదు. ఇబ్బందల్లా సైజు. ఆ డబ్బాలు బోర్డు మీద పట్టవు, పెట్టె గోడకి క్లాంపు వేసి బిగించాలి. గుంటూరు గారికి ఆ అవసరం లేదు, ఉన్నదే అతికిస్తే చాలు.


డాలస్_లోఎండ్ · గురువారం, రాత్రి 11:30

మూసేముందు రెండు సంగతులు. డ్రైవర్‌కి వెళ్లే స్పేడ్ క్లిప్పులు వదులైతే ప్లయర్‌తో కొంచెం నొక్కి గుచ్చండి. ప్లేట్ చుట్టూ ఉన్న ఫోమ్ గ్యాస్కెట్ చిరిగితే మార్చండి. గాలి లీకైతే లో నోట్స్‌కి బుస్సుమంటుంది, అదీ ట్వీటరే అనుకుని మళ్లీ ఇక్కడికే వస్తారు.


గుంటూరు_బేస్ · ఆదివారం, మధ్యాహ్నం 2:15

ఆరాధన అయిపోయింది. నాబ్ మూడొంతులు తెరిచి, లో-బి ఎంత గట్టిగా కొట్టినా చప్పుడు లేదు. పక్క వీధి టీవీ రిపేర్ అన్న దగ్గర 60 వాట్ల ఐరన్ తెచ్చుకుని, మాష్టారు చెప్పినట్టే పాత టంకం పీల్చి పెట్టా. గ్లూ గన్ రెండు కడ్డీలు పట్టింది. బల్బు క్లిప్పు కూడా వదులుగానే ఉంది, నొక్కేశా. అందరికీ థ్యాంక్స్. తమ్ముడికి బిర్యానీ బాకీ.


వైజాగ్_లో_బి · ఆదివారం, సాయంత్రం 5:00

ఇక్కడే అడుగుతున్నా, ఏమనుకోకండి. మా రిహార్సల్ గది బీచ్ రోడ్డుకి దగ్గర. నా చిన్న 1×12 కాంబోలో (ఆంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేది) కూడా ట్వీటర్ చిరచిరలాడుతోంది. వెనక నాబ్ లేదు. విప్పి మల్టీమీటర్ పెడితే ట్వీటర్ ఏమీ చూపించడం లేదు, ఓపెన్. అంటే పోయినట్టేనా?


కోఠి_సోల్డర్ · ఆదివారం, సాయంత్రం 5:35

వెనకాల అయస్కాంతం ఉందా? తేలిగ్గా, ప్లాస్టిక్ డబ్బాలా ఉంటే అది పీజో. పీజోలో కాయిలే ఉండదు, లోపల సిరామిక్ బిళ్ల. మీటర్ ఓపెన్ చూపించడమే మామూలు, దాన్నిబట్టి పోయిందని చెప్పలేం. ముందు టెర్మినళ్లు చూడండి. సముద్రం పక్కన ఉప్పు గాలికి ఆకుపచ్చగా తుప్పు పడుతుంది, స్పేడ్లు తీసి గీకి మళ్లీ గుచ్చితే సగం కేసులు సర్దుకుంటాయి. తర్వాత పైన చెప్పిన తట్టుడు పరీక్ష చెయ్యండి. తడితే రాకుండా, ఒక్క ట్వీటర్‌నే వేరే ఆంప్‌కి పెట్టినా చిరచిరలాడితే బిళ్ల చిట్లింది, అది బాగుచేసేది కాదు, కొత్తది పెట్టుకోవడమే. మార్చేటప్పుడు సిరీస్‌లో రెసిస్టర్ ఏదైనా ఉంటే తీసేయకండి, అది ఆంప్ కోసం పెట్టింది.


వైజాగ్_లో_బి · ఆదివారం, సాయంత్రం 6:20

అయస్కాంతం లేదు, పీజోనే. టెర్మినళ్లు పచ్చగా ఉన్నాయి. గీకి చెప్తా.